గ్లాసులు కనబడని టేబుల్

మొన్న శనివారం మధ్యాహ్నం అరటిపండు వేషంలో ఉన్న ఒక మనిషి మా పబ్ వంటగది కిటికీ దగ్గరికి వచ్చి, లోపలికి తొంగి చూసి, "అక్క ఎక్కడ?" అని అడిగాడు. తల నుంచి మోకాళ్ళ దాకా పసుపుపచ్చ తొడుగు, మధ్యలో గడ్డమున్న ఎర్రటి ముఖం. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. అతనికి తెలిసిన తెలుగు మాట అదొక్కటే, అదీ ఆమె పేరనుకుంటున్నాడు.

"ఇప్పుడు ఇక్కడ లేదు. విన్నిపెగ్ వెళ్ళిపోయింది" అన్నాను.

"మరి మాకు బలవంతంగా తినిపించేది ఎవరు?" అన్నాడు నిజంగానే దిగులుగా.  అతను తన అరటిపండ్ల గుంపులోకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం చేతిలో పని మరిచి కాసేపు అక్కడే నిలబడ్డాను.

మా పబ్ వాంకూవర్ నడిబొడ్డున, స్టేడియం నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉంది. నేను బర్నబీ నుంచి రైల్లో వచ్చిపోతుంటాను. వంట నాది కాదు, వడ్డన నాది కాదు. ఎంత సరుకు తెప్పించాలి, ఏ వేళకు ఎన్ని బంగాళాదుంపలు నూనెలో పడాలి అన్నది చూసుకోవడం నా పని. పెద్ద చదువు లేదు. తెనాలిలో మా మేనమామ హోటల్లో కూర్చుని, వీధిలో జనాన్ని చూసి ఎసట్లో ఎంత బియ్యం పోయాలో చెప్పడం అలవాటైంది. ఆ అలవాటే ఇక్కడా తిండి పెడుతోంది.

మామూలు రోజుల్లో ఇది తేలికే. రగ్బీ మ్యాచ్‌లున్న వారాంతంలోనే బుర్రకు పని. ఇక్కడికి వచ్చేది ఏడుగురేసి ఆడే పొట్టి ఆట. ఒక్కో మ్యాచ్ పావుగంటలో ముగుస్తుంది, పొద్దుటి నుంచి ఒకదాని వెనక ఒకటి నడుస్తూనే ఉంటాయి. తమ జట్టు ఆట అయిపోగానే జనం బయటపడతారు, మళ్ళీ తమ వంతు వచ్చేలోపు తిని, తాగి, పరుగెత్తాలి. అందుకని అలలుగా వస్తారు. ఏ దేశం ఎప్పుడు ఆడుతుందో తెలిస్తే ఏ అల ఎప్పుడు తగులుతుందో చెప్పవచ్చు. గెలిచినవాళ్ళు ఎక్కువ తింటారు, ఓడినవాళ్ళు ఎక్కువ తాగుతారు. ఈ ఆటకు వేషాలు వేసుకుని రావడం ఇక్కడొక సరదా, అలా వచ్చినవాళ్ళు మామూలు బట్టలవాళ్ళ కంటే ఎక్కువసేపు కూర్చుంటారు, లేవడం కష్టం కాబట్టి. ఇవన్నీ చూసి చూసి పట్టుకున్నవి. ఆమె ఒక్కతే నా అంచనాలకు అందేది కాదు.

ఆమె వచ్చిన ఆ రెండు మూడేళ్ళు మన విద్యార్థులు వరదలా వచ్చిన కాలం. ఒక్కో బేస్‌మెంట్‌లో అయిదారుగురు. కాలేజీ, ఆ తర్వాత ఏదో ఒక పని. మా పబ్‌లో ప్లేట్లు కడిగేవాళ్ళలో, వడ్డించేవాళ్ళలో సగం మంది వాళ్ళే. ఆమె కూడా విద్యార్థిగానే వచ్చింది, కానీ అందరికంటే పదేళ్ళయినా పెద్దది. అందుకని పిల్లలు అక్క అన్నారు. వాళ్ళను చూసి వంటవాళ్ళు, మేనేజర్, చివరికి తాగడానికి వచ్చినవాళ్ళు కూడా అక్క అనడం మొదలుపెట్టారు. చొక్కా మీద పేరు పట్టీ చేయించేటప్పుడు మేనేజర్ అదే రాయించాడు. నేను ఆమె కంటే పెద్దవాణ్ణి, అయినా నలుగురిలో నేనూ అక్క అనే అనేవాణ్ణి. ఆమెది జగిత్యాల వైపు అని మాటతీరే చెప్పేది. ఎందుకు వచ్చింది, ఎవర్ని వదిలి వచ్చింది అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పెన్ను చెవి మీద కాకుండా జుట్టు ముడిలో గుచ్చుకునేది. ఏ టేబుల్ ముందు ఆర్డర్ ఇచ్చిందో చూసేది కాదు, పెళ్ళి పంక్తిలో వడ్డించినట్టు ఒక చివర మొదలుపెట్టి ఇంకో చివరికి వెళ్ళేది. వేషగాళ్ళను పగటివేషాలోళ్ళు అనేది. "అన్నా, హనుమంతుడొచ్చిండు, గొరిల్లా అంట, రెండు బర్గర్లు" అని కిటికీలోంచి అరిచేది. ఎన్నిసార్లు చెప్పినా ఆట ఆమెకు ఎక్కలేదు. టీవీలో గుంపంతా ఒకడి మీద పడితే, "కిందవడ్డోడే మనోడన్నా" అని అటువైపు చేరిపోయేది.

మొదటి రగ్బీ వారాంతంలోనే గొడవ తెచ్చింది. అరటిపండ్ల గుంపుకి కోడిరెక్కల బుట్ట పెట్టింది. అయిపోయాక ఇంకోటి తెమ్మంటారా అని అడిగితే వద్దన్నారు. తెచ్చి పెట్టింది. తిన్నారు. మళ్ళీ అడిగితే వద్దన్నారు. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ తిన్నారు. బిల్లు చూసి వాళ్ళు మేనేజర్‌ని పిలిచారు, మేనేజర్ ఆమెను వంటగదిలోకి పిలిచి, వాళ్ళు అడగనిది ఎందుకు పెట్టావని నిలదీశాడు. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పన్నా ఈయనకు. వద్దన్నరు గని తిన్నరు గద!"

"వద్దంటే వద్దనేనమ్మా ఇక్కడ."

"అట్లెట్ల? మొదటి వద్దు మర్యాదకు. రెండో వద్దు మొహమాటానికి. మూడోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం వెడితే అది నిజం. వీళ్ళెవ్వరు చెయ్యి అడ్డం వెట్టలే."

దీన్ని నేను నాకు వచ్చిన ఇంగ్లీషులో మేనేజర్‌కి విప్పి చెప్పాను. ఆయన కాసేపు తల పట్టుకుని, తర్వాత నవ్వాపుకోలేక బయటికి వెళ్ళి, ఆ సంగతి అరటిపండ్లకు చెప్పాడు. మరుసటి రోజు వాళ్ళు వచ్చి, ఆమె దగ్గరికి రాగానే అందరూ కలిసి బుట్ట మీద అడ్డంగా చేతులు పెట్టారు. ఆమె పడీ పడీ నవ్వింది. అప్పటి నుంచి మా పబ్‌లో అదొక ఆటయిపోయింది. చాలనుకున్నవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టాలి.

తిండి విషయంలో ఇంత పట్టు పట్టే మనిషి బీరు దగ్గర పూర్తిగా ఎదురు. ఎవరు ఎంత తాగారో కనిపెట్టి, మించుతుంటే ఆపడం ఇక్కడ వడ్డించేవాళ్ళ పూచీ. దానికొక పరీక్ష కూడా రాయాలి. చాలామంది దాన్ని రాసి మరిచిపోతారు. ఆమె మరిచిపోలేదు. టేబుల్ మీది గ్లాసులు చూసేది, తాగేవాడి కళ్ళు చూసేది, చాలనిపిస్తే గ్లాసు తీసేసి నీళ్ళు, పూటిన్ పెట్టేది. వేపుడు బంగాళాదుంపల మీద చీజ్, వేడి గ్రేవీ పోసి ఇస్తారే, అది. "ఇంకొక్కటి, అక్కా" అని ఆరడుగుల మనుషులు బతిమాలేవారు. "నేను వద్దంటే మొదటిదే ఆఖరు" అనేది. తెలుగులోనే అనేది. వాళ్ళకు అర్థమయ్యేది.

ఇలా రెండేళ్ళు గడిచాయి. చదువు ముగిసింది, చేతికి వర్క్ పర్మిట్ వచ్చింది, పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతి, దాని బెంగ మొదలైంది. పీఆర్ విషయంలో ఇక్కడ అన్ని పనులూ ఒకటి కాదు. ప్లేట్లు మోసిన ఏడాది ఇమ్మిగ్రేషన్ వాళ్ళకు ఏడాది కింద జమ కాదు. సూపర్‌వైజర్‌గా చేసిన ఏడాది జమ అవుతుంది. ఆమె పర్మిట్‌లో ఏడాదికి కాస్త పైన మిగిలి ఉండగా మా పాత సూపర్‌వైజర్ మానేశాడు. మేనేజర్ ఆమెను పిలిచి, రగ్బీ వారాంతం గడవనివ్వు, ఆ రెండు రోజులు ఫ్లోర్, అంటే వడ్డన హాలంతా, నువ్వే నడుపు, సోమవారం ఖాయం చేస్తాను అన్నాడు.

ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, సోమవారం నుంచి అయితే సరిపోతదా?"

"సరిపోతుంది. ఇంకో రెండు మూడు నెలలు జరిగితే మాత్రం సరిపోదు."

"జరగదు తియ్యి" అంది ముడిలో పెన్ను సర్దుకుంటూ.

శనివారం ఆమె ఫ్లోర్ నడిపిన తీరు చూసి మేనేజర్ నాకు బొటనవేలు చూపించాడు. ఆదివారం మధ్యాహ్నం, గట్టి అల ఒకటి రావడానికి కాస్త ముందు, మన కుర్రాళ్ళు నలుగురు వచ్చారు. లుంగీలు, బనీన్లు, తలకు తువ్వాళ్ళు. అదే వాళ్ళ వేషం. ఆమె ముఖం వెలిగిపోయింది. కిటికీ దగ్గర టేబుల్ చూపించి, వాళ్ళకు దగ్గరుండి తినిపించింది. కాసేపయ్యాక నా దగ్గరికి వచ్చి గర్వంగా చెప్పింది.

"చూసినవా అన్నా మన పిల్లలను? ఊరంతా ఊగుతుంటే వీళ్ళ టేబుల్ మీద ఒక్క గ్లాసు లేదు. బుద్ధిమంతులు."

నేనూ చూశాను. నలుగురూ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. బుద్ధిమంతుల్లాగే ఉన్నారు.

ఇంకొంతసేపటికి బన్నుల లోడు వస్తే దించుకోవడానికి వెనక సందులోకి వెళ్ళాను. ఆ నలుగురిలో ఒకడు, వరంగల్ కుర్రాడు, లుంగీ పైకి కట్టి, ఒక పాత కారు తలుపు తెరవడానికి అవస్థ పడుతున్నాడు. తాళం రంధ్రంలో పడటం లేదు. నేను నోరు తెరిచేలోపు, చెత్త సంచీతో ఆమె వెనక తలుపు దగ్గరికి వచ్చింది. చూసింది. సంచీ అక్కడే వదిలేసింది.

"ఎటు తమ్మీ?"

"డెలివరీ ఉందక్కా. షిఫ్ట్ టైమయింది."

"తాగినవా?"

"లేదక్కా."

అప్పటికి తలుపు తెరుచుకుంది, వాడు లోపల కూలబడ్డాడు. ఆమె చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"పోనియ్యి. నేను గూడ వస్త."

"అక్కా, దిగక్కా."

"ఎందుకు? తాగలేదంటివి గద. నాకేం భయం? పోనియ్యి."

వాడు స్టీరింగ్ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"సరే, నా నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పు, తాగలేదని."

వాడు ఆమె తల వైపు చూశాడు. చెయ్యి లేవలేదు. "అయిదక్కా" అన్నాడు. వేళ్ళు మడిచి చూసుకుని, "ఆరేమో."

"నా టేబుల్ మీద ఒక్కటి గూడ కనవడలేదు గదరా!"

"కౌంటర్ కాడికి పోయి మేమే తెచ్చుకున్నం. మీరు రాంగనే కింద కాళ్ళకాడ వెట్టినం."

"ఎందుకు?"

"మీ ముందల ఎట్ల తాగుతమక్కా?"

 పెద్దవాళ్ళ ముందు గ్లాసు దాచడం మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు, నేనూ దాచినవాణ్ణే. ఆమె అక్క కాకుండా మామూలు వెయిట్రెస్ అయివుంటే ఆ గ్లాసులు బల్ల మీదే ఉండేవి, ఆమె రెండో దాంతోనో మూడో దాంతోనో ఆపేసి ఉండేది.

"అన్నా" అని కారులోంచి నన్ను పిలిచింది. "నా టేబుళ్ళు జర చూడు."

లోపల గట్టి అల వచ్చేసింది. నేనెప్పుడూ ప్లేటు మోసినవాణ్ణి కాదు. గొరిల్లా అడిగిన బర్గర్ నర్సు వేషానికి, నర్సు అడిగిన సూప్ కొమ్ముల టోపీ వైకింగ్ వేషానికి ఇచ్చాను. పంక్తి తెగిపోయింది. మేనేజర్ మూడుసార్లు అక్క ఎక్కడని అడిగాడు, నేను మూడుసార్లు ఇప్పుడే వస్తుందన్నాను. చివరికి ఆయనే వెనక తలుపు తీశాడు. సందులో కారు, కారులో లుంగీ కట్టిన కుర్రాడు ఏడుస్తున్నాడు, పక్కన మా ఫ్లోర్ నడపాల్సిన మనిషి. తాళం అప్పటికి ఆమె గుప్పిట్లో ఉంది.

ఏమిటిదని ఆయన అడిగాడు. నిజం చెబితే ఆయన మెచ్చుకునేవాడే. కానీ నిజం చెప్పాక ఆయన రిపోర్టు రాయాలి. తాగి స్టీరింగ్ ముందు కూర్చుంటే చాలు, కారు కదలకపోయినా ఇక్కడ కేసే, కేసయితే వాడి పీఆర్ ఆశ అక్కడితో సరి. ఆమెకు ఆ సంగతి తెలుసు.

"మా చుట్టాల అబ్బాయి. ఇంటి దగ్గర ఏదో కష్టం వచ్చింది" అంది.

"ఇప్పుడా?" అన్నాడు ఆయన. "ఈ గంటలోనా?"

ఆమె తలవంచుకుంది. ఆయన లోపలికి వెళ్ళాక, మిగతా ముగ్గురినీ పిలిపించి, వాణ్ణి రైలెక్కించమని అప్పగించింది. "నేను అక్కనే అయితే గ్లాసు బల్ల మీద వెట్టుండ్రి. నా కండ్ల ముందల తాగుండ్రి, తిడతా, కొడతా, గని నాకు కనవడాలె" అంది. నలుగురూ లుంగీలు కిందికి దించుకుని నిలబడి విన్నారు.

సోమవారం సూపర్‌వైజర్ పని ఇంకొకరికి వెళ్ళింది. మేనేజర్ చెడ్డవాడు కాదు. వడ్డనలో ఆమెను మించినవాళ్ళు లేరని, కానీ ఇల్లు తగలబడినా ఫ్లోర్ వదలని మనిషి కావాలని నాతో అన్నాడు. ఆయన వైపు నుంచి చూస్తే తప్పు పట్టలేను. నేను ఉండబట్టలేక ఆమె దగ్గరికి వెళ్ళాను.

"నేను చెప్పేస్తాను ఆయనకు. వాడు వెళ్ళిపోయాడు కదా, ఇప్పుడు ఎవరికీ నష్టం లేదు."

"వాడు ఎవడని అడుగుతడు. సీసీ కెమెరాల చూస్తడు. వద్దన్నా." నేను మళ్ళీ అనబోతే నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టినంత పని చేసింది. "వానికి గూడ చెప్పొద్దు. చెప్తే బతుకంతా మోస్తడు. చిన్నోడు."

ఆ వారమంతా ఆమె పర్మిట్‌ని నేను అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఇంకో పబ్‌లో సూపర్‌వైజర్ పని దొరకడానికి పట్టే సమయం, ఆ తర్వాత ఏడాది. ఎలా కూడినా చివర కొద్ది నెలలు తక్కువ పడుతున్నాయి. నా లెక్క తప్పయితే బాగుండునని కోరుకోవడం నాకు అదే మొదలు. తప్పలేదు. విన్నిపెగ్‌లో కొన్ని నెలల పని ఉంటే చాలు, ఆ ప్రావిన్స్ ప్రభుత్వం వాళ్ళే పీఆర్‌కి పేరు సూచించి నామినేట్ చేస్తారని ఎవరో చెప్తే ఆ దారి ఆమెకు చెప్పాను.

"చలి ఎంతుంటదన్నా?"

"మైనస్ ముప్పై."

"ముప్పై అంటే ఎట్లుంటది?"

"ఊపిరి మీసాల మీద గడ్డ కడుతుందట."

"నాకు మీసాలు లేవు గద" అంది. నెల తిరక్కుండా వెళ్ళిపోయింది. అక్కడ హైవే పక్కన ఒక రెస్టారెంట్‌లో చేరింది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. నామినేషన్ వచ్చింది, పర్మిట్ పొడిగించారు, పీఆర్ మాత్రం ఎక్కడో ఆగింది. ఈ మధ్య చేసినప్పుడు, ఇంకో కాగితం అడిగారని, మళ్ళీ మొదటి నుంచి చూస్తారేమోనని, గొంతు చాలా తగ్గించి చెప్పింది. ఆమె అంత మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

అరటిపండు మనిషి అడిగిన మరుసటి రోజు, అంటే మొన్న ఆదివారం, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక యువకుడు వంటగది కిటికీ దగ్గర నిలబడ్డాడు. ముందు పోల్చుకోలేదు. లుంగీ లేదు కదా.

"అంకుల్, బాగున్నరా? అక్క ఏది?" చేతిలో స్వీట్ల డబ్బా. "పీఆర్ వచ్చింది అంకుల్. మొదలు అక్కకే చెప్పాలనుకున్న. ఆనాడు కారు కదిలుంటే నేను ఏడుండేటోన్నో."

"అక్క విన్నిపెగ్‌లో ఉంది" అన్నాను.

"గంత దూరం ఎందుకు వోయింది? ఇక్కడనే సూపర్‌వైజర్ అయితదన్నరు గద?"

"అక్కడ మంచి పని దొరికింది" అని, ఇంకేం అడుగుతాడోనని గబగబా ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. వాడు సంగతి చెప్పగానే అటునుంచి ఒక కేక. ఆ కేకకు ప్లేట్లు కడిగే కుర్రాడు కూడా తిరిగి చూశాడు. వాడి పని, జీతం, అమ్మానాన్నల ఆరోగ్యం, పెళ్ళి సంబంధాలు అన్నీ వరసగా అడిగింది. వాడు సిగ్గుపడుతూ జవాబులు చెప్పాడు. తర్వాత వాడే అడిగాడు.

"మరి మీ పీఆర్ అక్కా?"

నేను ఫోన్ వైపు చూశాను. ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదు.

"నాకెప్పుడో వచ్చింది తమ్మీ! అన్న చెప్పలేదా? మతిమరుపు మనిషి. నువ్వు స్వీట్లు పంచుకో, ఇక్కడ లంచ్ రష్ నడుస్తుంది" అని పెట్టేసింది.

వాడు డబ్బా మూత తీశాడు. బాదుషాలు. ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది నాది అంకుల్" అన్నాడు. తిన్నాను. రెండోది తీసి, "ఇది అక్కది" అంటూ నోటి దగ్గరికి తెచ్చి పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు, ముఖమంతా నవ్వు. లోపల ఏదో జట్టు గెలిచిన అల వచ్చి తలుపు తోసుకుంటోంది.

నోరు తెరిచి అదీ తిన్నాను.